మెడలో తాడు

మా ఆయనకు ఇంట్లో బీరువా తాళం ఎక్కడుంటుందో తెలియదు. అలాంటి మనిషి ఫ్రీమేసన్ల రహస్య సంఘంలో చేరారు.

"వాళ్ళు దయ్యాన్ని కొలుస్తారట" అని అత్తయ్య ఒకటే గొణుగుడు. ఇవాళ ముందుగది కిటికీ దగ్గర నిలబడి కెవ్వుమన్నారు.

"అమ్మాయ్! వాడి మెడకి తాడే!"

పరుగెత్తాను. లోపల గడియ. కిటికీలోంచి చూస్తే మా ఆయన కళ్ళకు గంతలు, మెడలో నేను బట్టలారేసే తాడు. దాని రెండో కొస, ఈయన్ని ఆ సంఘంలో చేర్పించిన మందులషాపాయన చేతిలో ఉంది.

"ఎవరిని నమ్ముతావు?" అన్నాడాయన.

"దేవుణ్ణి."

"పేదలకు ఏమిస్తావు?"

మా ఆయన జేబులు తడుముకున్నారు. "నా దగ్గరేమీ లేదు." నటన చేతకాని మనిషి, గొంతు వణికింది.

అత్తయ్య చేతి బంగారు గాజు లాగి చువ్వల మధ్యనుంచి అందించారు. "ఇది తీసుకుని నా కొడుకును వదిలెయ్ నాయనా!"

షాపాయన కంగారుగా తాడు వదిలేశాడు. "రిహార్సల్ పిన్నిగారూ! మీవాడిది కొత్త సభ్యుడి వేషం. కొత్తగా చేరేవాడి జేబులు ముందే ఖాళీ చేయించి, అందరి ముందూ ఇలా అడుగుతాం. లేనివాడి సిగ్గు ఎలాంటిదో తెలియాలని."

అత్తయ్య గాజు తిరిగి తొడుక్కోలేదు.

"పొద్దున పనిమనిషి తన కూతురి ఆపరేషన్‌కని చెయ్యి చాస్తే కసిరి పంపాను," అన్నారు మెల్లగా. "తప్పు చేశానే అమ్మాయ్."