ఎడమవైపు

మూడు రోజులుగా ప్రాణం తీస్తున్న సస్పెన్షన్ బోల్టు ఎట్టకేలకు ఊడింది. రియాన్ దాన్ని గుప్పిట్లో పట్టుకుని పాత కారు కింద నుంచి బయటికొచ్చింది.

“కుడి చక్రం కీలు గ్రీజులో మునిగిపోయింది. విరిగిన ఎడమదానికి చుక్క లేదు. ఇటు మర్చిపోయావా నాన్నా?”

“నెలనెలా రెండు వైపులా పెడుతున్నా. ఈ కారు నీకంటే పెద్దది, నాకు పాఠాలు చెప్పకు,” అన్నాడు ఆల్విన్, గ్యారేజీలోనే ఫలహారం చేస్తూ.

అతని పళ్లెంలో కుడివైపు రొట్టె అయిపోయింది. ఎడమవైపు గుడ్డు అలాగే ఉంది.

“గుడ్డు తినవా?”

“పెడితేగా.”

ఎడమది కుడికి వచ్చేలా రియాన్ పళ్లెం తిప్పింది.

“ఇప్పుడు పెట్టి, తినవా అంటావేం?” ఆల్విన్ ఫోర్కు అందుకున్నాడు. “ఆదివారం చర్చికి నేనే నడుపుతా. అప్పటికి అవుతుందా?”

“బోల్టు రావట్లేదు నాన్నా,” అంది రియాన్, గుప్పిట ఇంకా బిగిస్తూ.