కుజ్నెచ్నయా వీధిలో ఐదు ఇళ్ళు

“అక్కడ కాదమ్మాయీ, ఇంకో రెండడుగులు ఇటు జరుగు. అదీ. ఇప్పుడు నువ్వు నిలబడింది రొట్టెల మార్ఫా గుమ్మంలో.”

అగ్నియా కిందికి చూసింది. మోకాలెత్తు గడ్డి, అందులో కాలిన ఇటుక ముక్కలు. అయినా చేతిలోని కాగితం మీద ఒక గుమ్మం గీసుకుంది.

యెఫీమ్ లుకిచ్ కళ్ళు మూసుకునే ముందుకు నడుస్తున్నాడు. ఆ ఖాళీ నేల మీద ఒకచోట దేన్నో తప్పించుకుంటున్నట్టు పక్కకు జరిగాడు. అక్కడ వాననీటి పీపా ఉండేదట.

వోల్గా నది ఒడ్డునున్న ఆ నగరంలో కుజ్నెచ్నయా వీధి ఒకప్పుడు చెక్క ఇళ్ళకు పెట్టింది పేరు. 1939 వేసవిలో నిప్పంటుకుని ఒక్క మధ్యాహ్నంలో బూడిదైపోయింది. పాత కట్టడాలను బాగుచేయించే అగ్నియా, ఆ వీధిని మళ్ళీ నిలబెట్టాలని ఆరేళ్ళుగా తిరుగుతోంది. దొరికినవి రెండే రెండు మసక ఫోటోలు. శీతాకాలంలోగా ఇళ్ళ రూపం తేల్చకపోతే అక్కడ దుకాణాలు కట్టేస్తామని నగర పాలకులు చెప్పేశారు. ఆఖరి ఆశగా, పాత వీధి గురించి తెలిసినవాళ్ళు రావాలని ఆమె పత్రికలో ప్రకటన వేసింది. వచ్చింది యెఫీమ్ లుకిచ్ ఒక్కడే. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి, “వీధి గురించి చెబుతాను, రాసుకుంటావా?” అన్నాడు.

అప్పటినుంచి రోజూ చెబుతూనే ఉన్నాడు. కింద ఇటుక, పైన దుంగలతో కట్టిన మూల ఇల్లు. దాని నెత్తిన చిన్న బురుజు. నీలం రంగు వేసిన మార్ఫా ఇల్లు. కిటికీల చుట్టూ చెక్కిన జలకన్యలు, వాళ్ళ పక్కన మనుషుల్లా నవ్వే సింహాలు. ఆయన మాట్లాడుతుంటే అగ్నియాకు గడ్డిలోంచి గోడలు లేస్తున్నట్టు ఉండేది. వేడి రొట్టె వాసన వచ్చినట్టు కూడా అనిపించేది.

“సింహాలు నవ్వుతాయా తాతా?” అన్నాడు చెక్కుడు పని చేసే ప్రోహర్, ఉలి నూరుతూ. “నా బతుకులో నవ్వే సింహాన్ని చూడలేదు.”

“ఏడ్చే సింహాన్ని చూశావా?”

“అసలు సింహాన్నే చూడలేదు.”

“చెక్కినవాడూ చూడలేదు నాయనా. అందుకే నవ్వుతాయి.”

ప్రోహర్ నవ్వుకున్నాడు కానీ వదల్లేదు. “నీకప్పుడు తొమ్మిదేళ్ళుంటాయేమో. అంత చిన్నప్పటివి ఇంత బాగా ఎలా గుర్తున్నాయి? నాకు పొద్దున ఏం తిన్నానో గుర్తుండదు.”

“నువ్వు తిన్నదాన్ని పోగొట్టుకోలేదుగా” అన్నాడు యెఫీమ్ లుకిచ్.

మెట్ల దగ్గర ఇబ్బంది వచ్చింది. ప్రతి ఇంటికీ ఏడేసి మెట్లు ఉండాలన్నాడు ఆయన. మంచు కరిగే రోజుల్లో నది వీధిలోకి వచ్చేదట, పిల్లలు గుమ్మాల మీంచే చేపలు పట్టేవాళ్ళట.

“ఇక్కడికి నది ఎక్కడొస్తుంది తాతా? నడిచి వెళ్ళడానికే అరగంట పడుతుంది” అన్నాడు ప్రోహర్.

“వచ్చేది” అన్నాడు ముసలాయన మెల్లగా.

ఒడ్డు అప్పట్లో ఇటుపక్కగా ఉండేదేమో అనుకుని అగ్నియా ఏడు మెట్లూ గీసింది. ఒక ఫోటోలో మూల ఇంటికి మూడు కిటికీలే కనిపిస్తే, ఆయన నాలుగన్నాడు. నాలుగోది చెట్టు వెనక ఉండి ఉంటుందని సర్దిచెప్పుకుంది. తను సర్దిచెప్పుకుంటున్నానని ఆమెకు తెలుసు. రాత్రుళ్ళు కలలో ఆ వీధిలో నడుస్తోంది మరి.

నగర సంఘం ముందు తను గీసిన బొమ్మలు పరిచినప్పుడు అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి, “ఈ పెద్దాయన మాట తప్ప మీ దగ్గర ఆధారం ఏముంది?” అని అడిగింది.

“ఇంత వివరంగా ఎవరూ అబద్ధం చెప్పలేరండీ” అంది అగ్నియా. పూచీ తనదేనని సంతకం పెట్టింది.

కట్టడానికి రెండేళ్ళు పట్టింది. జూన్ మొదటివారంలో పరంజాలు తీసేశారు. తెల్లవారుజాము మంచుతెరలో ఐదు ఇళ్ళూ తేలుతున్నట్టున్నాయి. జనం రాకముందే యెఫీమ్ లుకిచ్ వచ్చాడు. ఇంటింటికీ ఆగుతూ, ఒక్కో తలుపు చెక్కనూ అరచేత్తో నిమిరాడు. మార్ఫా ఇంటి ముందు టోపీ తీసి, ఎవరికో పలకరింపుగా తల వంచాడు. మూల ఇంటి మెట్టు మీద కూర్చున్నాడు. ప్రోహర్ సైతం ఏ వేళాకోళమూ ఆడకుండా దూరంగా నిలబడ్డాడు.

అగ్నియా వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

“తాతగారూ, గోడకు ఇత్తడి పలక బిగిస్తున్నాం. మీ పేరు, పుట్టిన సంవత్సరం, ఊరు వేయాలి. తప్పు దొర్లకూడదు. గుర్తింపు పుస్తకం తెచ్చారా?”

ఆయన కోటు లోపలి జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె తెరిచి చదివింది. 1930. ఊరు దగ్గరకొచ్చి ఆగిపోయింది. అక్కడ ఈ నగరం పేరు లేదు. ఒజెరెత్స్క్ అని ఉంది.

“మీరు పుట్టింది ఇక్కడ కాదా?”

“కాదమ్మాయీ.”

ఆమె పుస్తకం మూసింది. “ఈ వీధి కాలిపోయింది ముప్ఫై తొమ్మిదిలో. మీరు ఈ ఊరికి ఎప్పుడొచ్చారు?”

యెఫీమ్ లుకిచ్ ఎండ పడుతున్న కిటికీల వైపే చూస్తూ అన్నాడు:

“నలభై ఒకటిలో, మా వీధిని జలాశయం ముంచేసిన ఏడాది.”