తారీఖు మారని వాచీ

"మళ్లీ రాత్రిపూట తారీఖు తిప్పినావా తల్లీ?" భూతద్దం కంటికి బిగించుకుంటూ అడిగాడు దామోదర్.

సునీత తలదించుకుంది. "ఆస్పత్రి డ్యూటీకి వెళ్లే ముందే కదండీ నాకు వీలు. తొమ్మిది దాటుతుంది."

"అప్పుడే తిప్పగూడదు. తొమ్మిది నుంచి మూడు దాకా లోపలి చక్రాల పండ్లు తారీఖు చక్రాన్ని పట్టుకోనుంటాయి. బలవంతం చేస్తే విరిగిపోతాయి. ఆగిన వాచీ అది పగలో రాత్రో చెప్పదు గదా! ముందు ముల్లుని ముందుకు తిప్పు. తారీఖు మారితే అది అర్ధరాత్రి. ఆడినుంచి పొద్దున ఆరుకి తే. కీ సగం లాగి నిన్నటి తారీఖు పెట్టు. తర్వాత మొత్తం లాగి ముల్లు తిప్పితే, ఈరోజుకి అదే దూకతాది. వెనక్కి మటుకు వద్దు."

మందు మోతాదు విన్నట్టు విందామె.

పీణ్య పారిశ్రామికవాడలో లేత్ షాపుల రొద మధ్య, మెట్ల కింద దామోదర్ కొట్టు. ఈమధ్య అక్కడికి రెండోసారి వచ్చే మనిషి సునీత ఒక్కతే. ఆమె వస్తే అతను స్టూలు తుడిచి వేస్తాడు.

"ఇంకేమైనా తప్పుందా వాచీలో?" ఆశగా అడిగింది.

"ఏమీ లేదు. బంగారం మాదిరి ఉండాది."

ఆ మాటకి ఎవరైనా సంతోషిస్తారు. సునీత ముఖం వాడిపోయింది.

"మరి ఎందుకాగిపోతోంది? రాత్రీ పగలూ మా ఆయన స్టీఫెన్ చేతికే ఉంటుంది."

"ఇది చెయ్యి ఊగితేనే ఆడే వాచీ. మీ ఆయన ఏం పని?"

"ఇంట్లోనే ఉంటారు."

"కంప్యూటరా! బ్రూక్‌ఫీల్డ్ ఆఫీసుల పిల్లోళ్లూ ఇంతే. వేళ్లు తప్ప ఏమీ కదలవు." దామోదర్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. "పొద్దున నువ్వే నాలుగు చుట్లు కీ ఇచ్చెయ్."

"నేను ఇవ్వకూడదండీ."

"అట్లయితే బ్యాటరీ వాచీ కొనిపెట్టు."

"వద్దు. అది ఎవరి చేతికున్నా ఆడుతుంది."

"మొండిదానివే!" అని, దామోదర్ ఆ వాచీని వారం రోజులు తన చేతికే కట్టుకున్నాడు. దాంతోనే నీళ్లు మోశాడు, అన్నం వండుకున్నాడు.

వారం తర్వాత ఆమె ముందు చెయ్యి చాపాడు. "చూడు తారీఖు. ఒక్కరోజూ తప్పలేదు."

ఆ చిన్న గడిలోని అంకెని సునీత చాలాసేపు చూసింది.

"మీ చేతికి మారిందా?"

"మారింది."

"ఇంకోసారి విప్పి చూడండి. ఏదో తప్పు ఉండే ఉంటుంది."

దామోదర్‌కి ఒళ్లు మండింది. "పద, మీ ఇంటికి. నేనే కట్టి, మీ ఆయన్ని నిలదీస్తా. చెయ్యి కదిలించేకి ఏం రోగమప్పా నీకని!"

ఆమె ముందు నడిచింది. వెనక వీధిలోనే ఇల్లు. తలుపు తీసి, కిటికీ పక్క మంచం దగ్గర ఆగింది.

స్టీఫెన్ మెలకువగానే ఉన్నాడు. దామోదర్ పక్కన కూర్చుని తనే వాచీ కట్టాడు. బెల్టు ఒక బొక్క లోపలికి బిగించాల్సి వచ్చింది. తలెత్తకుండా చాలాసేపు ముల్లునే చూశాడు.

"తప్పు వాచీలోనే ఉండాది తల్లీ," అన్నాడు చివరికి. "నేనే సరిగ్గా చూడలా. రేపు తీసుకురా."

సునీత ముఖం వెలిగింది.

దామోదర్ వదిలిన చోటే, చచ్చుబడిన ఆ చెయ్యి ఉండిపోయింది.