రేకు ముఖం

"ఆ క్రికెట్ తీసెయ్యన్నా! మరమనిషి సీరియల్ పెట్టు, నీకు పుణ్యముంటాది," అంటూ గంగక్క గల్లాపెట్టె ముందు నిలబడింది.

ఉరవకొండ బస్టాండులో చెన్నప్ప టీ హోటలు నడిచేదే టీవీ మీద. అందులోనూ మ్యాచి రోజు. ఈమె ఎక్కడ దాపురించిందిరా నాయనా అని అతనికి ఒళ్లు మండింది.

"సీరియళ్లు మీ ఊర్లో చూసుకోపోమ్మా."

"మాది బెళుగుప్ప కాడ పల్లె. పగలు కరెంటు యాడుండాదన్నా? పది నిమిషాలు చాలు. దాంట్లో మా ఇంటాయన వస్తాడు."

బెంచీల మీదివాళ్లు గొల్లున నవ్వారు.

"హీరోనా ఏమి?"

"మరమనిషి. షూటింగోళ్లు పిలిస్తే మా పల్లె నుంచి పదిమంది పోయినారు. ఒంటి నిండా రేకులు కట్టి ఎండలో నిలబెట్టినారు."

పక్క ఫొటో స్టూడియో వెంకటేశులు మెడలో కెమెరాతో ముందుకొచ్చాడు. "నన్నూ పిల్చుకొచ్చింది చెన్నప్పా. టీవీలో మొగుడు కనపడతానే ఫొటో తీయల్లంట."

చెన్నప్పకు నవ్వాగలేదు. "మొగుణ్ణే స్టూడియోకు తోలుకొస్తే అయిపోయె గదమ్మా! రేకుల్లేకుండా వస్తాది."

"ఆయప్ప రాడన్నా," అంది గంగక్క. ఆమె నవ్వలేదు.

ఎవరి మొగుడు మాత్రం పిలవగానే వస్తాడులే అనుకుని చెన్నప్ప చానల్ మార్చాడు. బెంచీలు సణిగాయి.

మరమనుషులనూ మనుషుల్లా చూడాలని పోరాడే ఒక ఇంజనీరమ్మ కథ అది. ఎర్రటి ఎండలో మరమనుషులు బండలు మోస్తున్నారు. అందరికీ ఒకే రేకు ముఖం.

"వీళ్లలో మీ ఆయనెవరమ్మా?"

"పడేటోడు. పడినప్పుడు మొగం మీది రేకు ఊడుతాది. వచ్చే వారం ఇది వస్తాదని పోయిన వారమే కొంచెం చూపిచ్చినారంట, టౌన్లో చూసిన మా ఊరోళ్లు చెప్పినారు. అప్పుడే తియ్యన్నా. తప్పిపోతే మళ్లా దొరకదు."

వెంకటేశులు కెమెరా కంటికి ఆనించాడు. ఇప్పుడు బెంచీల మీదివాళ్లు కూడా టీవీ వైపు మెడలు చాచారు.

బండ ఎత్తబోయిన ఒక మరమనిషి తూలి వెల్లకిలా పడ్డాడు. రేకు ఊడింది. కింద నల్లటి ముఖం, నెరిసిన గడ్డం, కదులుతున్న పెదవులు.

"తియ్యన్నా!" గంగక్క అరిచింది. కెమెరా క్లిక్కుమంది.

ఇంజనీరమ్మ పరుగున వచ్చి అతని తలను ఒళ్లోకి తీసుకుంది. ఆ తలకు రేకు మళ్లీ తొడిగి ఉంది, దాన్నెవరు పట్టించుకుంటారు! "రేకుల కిందా ప్రాణముంది! గుక్కెడు నీళ్లివ్వండి!" అని ఆమె ఏడిస్తే హోటలంతా కళ్లనీళ్లు పెట్టుకుంది. మామూలుగా అడుక్కునేవాళ్లను గడప తొక్కనివ్వని చెన్నప్ప కూడా తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు.

"ఏమి యాక్షనమ్మా మీ ఆయనది! నిజంగానే నీళ్లడుగుతాండట్ల ఉండాది. టీ తాగిపో, దుడ్లొద్దు. ఈ తూరి ఆయప్పనూ పిల్చుకురా, అందరం చూస్తాం."

గంగక్క టీ ముట్టలేదు. వెంకటేశులు వైపు తిరిగింది.

"ఫొటో కొంచెం పెద్దది కడిగియ్యన్నా, దండ యేయల్ల. అట్ల పడినోడు మళ్లా లెయ్యలేదు."