ఇంకో రంగు

"మీ వియ్యంకుడు రాశాడు," అంటూ మేనేజరు ఒక కవరు బల్ల మీద పడేశాడు.

ఆ కవరు చూడగానే మడత కత్తుల కంపెనీ జవాబుల గుమాస్తాకు ఒళ్లు మండింది. లోపల ఏముంటుందో విప్పకుండానే తెలుసు. టైపు కొట్టిన నాలుగు ముక్కలు, సంతకం బదులు 'తోటమాలి' అన్న మాట. అడిగేది ఎప్పుడూ ఒక్కటే, పిడికి ఇంకో రంగు కావాలని.

తొమ్మిదేళ్ల క్రితం మొదటి ఉత్తరం వచ్చేనాటికి కంపెనీ చేసేవన్నీ నల్ల పిడి కత్తులే. "నల్ల పిడి గడ్డిలో జారిపడితే కళ్లలో వత్తులు వేసుకుని వెతికినా కనబడదు. అలా ఒకటి పోగొట్టుకుని చాలా పోగొట్టుకున్నాను. ఎరుపు చేయించండి" అని రాశాడు తోటమాలి. జేబు కత్తి పోతే ఇంత ఏడుపేమిటని గుమాస్తా నవ్వుకున్నాడు. నలుపు మా ఆచారం, జాగ్రత్త గలవాడి దగ్గర ఏ రంగైనా ఉంటుంది అని జవాబు రాశాడు.

ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉంది. కాదనాల్సి వస్తే గుమాస్తా తన చేత్తో ఉత్తరం రాసి సంతకం పెట్టాలి. కాదనిపించుకున్నవాడికి ఆపాటి మర్యాదైనా చేయాలని పాత యజమాని పెట్టిన నియమం. సరేనంటే మాత్రం ఒక అచ్చు కార్డు, ఒక కొత్త కత్తి పంపి ఊరుకుంటారు.

తోటమాలి పోరు పడలేక చివరికి ఎరుపు చేశారు. కార్డూ కత్తీ వెళ్లాయి. వారం తిరక్కుండా మళ్లీ ఉత్తరం వచ్చింది. ఎరుపు రాలిన ఆకుల్లో కలిసిపోతోందట, పసుపు కావాలట. పసుపు వచ్చాక అది ఎండుగడ్డిలో కనబడదన్నాడు. అలా అలా ఆరు రంగులయ్యాయి. ఇంద్రధనస్సు దించి చేతిలో పెట్టినా ఇంకోటి అడుగుతాడని మేనేజరు ఎగతాళి చేసేవాడు.

రాయగా రాయగా గుమాస్తాకు చనువు పెరిగింది. కాదని చెప్పాక ఉత్తరం బోసిగా కనబడితే, తన మోకాలి నొప్పి గురించో కూతురి చదువు గురించో రెండు మాటలు చేర్చేవాడు. కాపడం పెట్టారా, పాప పరీక్ష గట్టెక్కిందా అని తోటమాలి మరిచిపోకుండా అడిగేవాడు. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి కూడా గుమాస్తా ఆయనకే చెప్పుకున్నాడు. గుమాస్తా నాన్న ఇదే కంపెనీలో సాన పట్టేవాడు. తన కత్తి పిడి మీద ఇద్దరు కొడుకుల పేర చెరో గాటు పెట్టుకున్నాడు. నాన్న పోయాక కత్తి ఏదని అడిగితే, ఎక్కడో జారిపోయిందన్నాడు అన్న. అమ్ముకు తిన్నావని తను నలుగురిలో అనేశాడు. తర్వాత అన్న రాసిన ఉత్తరాలు విప్పకుండానే తిప్పి పంపాడు. ఇప్పుడు ఎక్కడున్నాడో కూడా తెలియదు.

దానికి తోటమాలి రాసింది రెండే ముక్కలు. "విప్పి చూస్తే పోయేదేముందండీ? అది సరే, నీలం సంగతి చూడండి."

ఈ రోజు ఉత్తరంలో ఊదా రంగు అడిగాడు. ఇదే ఆఖరన్నాడు. వీలైతే ఒకసారి ఇటు రండి, మీకో కత్తి చూపించాలి అని కూడా రాశాడు. మామూలు రోజైతే గుమాస్తా సంతోషించేవాడే. మేనేజరు వియ్యంకుడన్న మాటకు ఆఫీసంతా నవ్వడంతో తల కొట్టేసినట్టయి, "మీకున్నది రంగుల పిచ్చి. ఇక మీ ఉత్తరాలకు జవాబు రాయను" అని రాసి, సంతకం పెట్టి, అప్పుడే టపాలో వేసేశాడు. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అంటారు. కలం జారినా అంతే.

ఆరు నెలలు తోటమాలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. మొదట పీడ విరగడైందనుకున్నాడు. తర్వాత టపా కట్ట విప్పినప్పుడల్లా చేయి ఆ కవరు కోసమే వెతికింది. ఆ మనిషిని అంత మాట ఎందుకన్నానా అని బాధపడ్డాడు. మేనేజరును కాళ్లావేళ్లా పడి ఊదా రంగుకు ఒప్పించాడు. మొదటి కత్తి తయారవగానే, అచ్చు కార్డు పక్కన పెట్టి తానే బయల్దేరాడు. ఎదురుగా నిలబడి క్షమించమని అడగాలనుకున్నాడు.

చిరునామా ఒక ఇరుకు వీధిలో మూడో అంతస్తు. ఇంటావిడ తలుపు తీసింది.

"తోటమాలి గారుంటారా అమ్మా?"

"తోటమాలా? ఇక్కడ కుండీలో మొక్క కూడా లేదు నాయనా." ఆమె అతని చేతిలోని కత్తి పెట్టె చూసి ఆగింది. "కత్తుల కంపెనీ నుంచా? మా వెనక గదిలో అద్దెకుండే పెద్దాయన కోసమైతే, ఆయన పోయి నాలుగు నెలలైంది."

గుమాస్తా పెట్టె కింద పెట్టాడు. తన ఆఖరి ఉత్తరం సంగతి ఏమైనా అన్నాడా అని అడిగాడు. వచ్చిన ప్రతి ఉత్తరం తమకు రెండేసి సార్లు చదివి వినిపించేవాడట. అదొక్కటి మాత్రం వినిపించలేదట. ఆ తర్వాత టపా అతను వచ్చినా కిందికి దిగడం మానేశాడట.

"కోపమొచ్చిందా అమ్మా?"

"లేదు నాయనా. ఎంత తిట్టినా కింద సంతకం పెట్టాడు, అది చాలు అన్నాడు."

ఆమె లోపలికెళ్లి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చింది. కంపెనీ నుంచి ఎవరైనా వస్తే ఇమ్మని చెప్పి పోయాడట.

మూత తీశాడు. పైన తన చేతిరాత ఉత్తరాలు, మడతల దగ్గర నలిగి, తేదీల వారీగా ఉన్నాయి. వాటి కింద ఆరు రంగుల కత్తులు. ఒక్కదానికీ కాగితమైనా విప్పలేదు. వాడని మనిషి ఇన్నేళ్లూ ఎందుకడిగాడో గుమాస్తాకు అర్థం కాలేదు. అన్నిటికంటే అడుగున, గుడ్డలో చుట్టి, తుప్పు పట్టిన పాత నల్ల పిడి కత్తి ఒకటుంది. గడ్డిలో పోయింది దొరికినట్టుందే అనుకుంటూ దాని మట్టిని బొటనవేలితో తుడిచాడు.

పిడి మీద రెండు గాట్లున్నాయి.