అద్దాల బీరువాలోని ట్యూబు

“ఆ ప్యాకెట్ సీలు విప్పింది నువ్వేనా?”

“నేనే సార్,” అంది నర్సు జయశీల.

డాక్టర్ సుందర్‌రాజు లేవలేదు. నర్సులు వస్తే లేచే అలవాటు ఆయనకు ఎన్నడూ లేదు. గుమాస్తా బర్నబా స్టూలు మీద కూర్చుని విచారణ రాసుకుంటున్నాడు. పెన్ను పట్టడం పెద్ద డాక్టర్ల పని కాదు మరి.

పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీ వాళ్లు 1974లో కట్టించిన ఆ చిన్న ఆసుపత్రికి సుందర్‌రాజే పెద్ద డాక్టరు, చిన్న డాక్టరు కూడా. చేతి నరంలోంచి గుండె దగ్గరి పెద్ద నరం దాకా పోయే పొడుగు ట్యూబు ఒకటి బొంబాయి నుంచి తెప్పించి, ప్యాకెట్ సీలు కూడా విప్పకుండా అద్దాల బీరువాలో పెట్టాడు. దాని కింద ‘నర్సులు ముట్టరాదు’ అని అట్టముక్క. తనిఖీకి ఎవరైనా వస్తే ఆ బీరువా ముందే నిలబడి ఉపన్యాసం ఇచ్చేవాడు.

“అది దేనికున్నదనుకున్నవ్?”

“పేషెంట్ల కోసమనుకున్న సార్.”

బర్నబాకు దగ్గు వచ్చింది.

“రికార్డు కోసం అడుగుతున్న. పేషెంట్ పరిస్థితి చెప్పు.”

“లక్డారం దావత్‌ల తిన్నంక వాంతులు, విరేచనాలు. సోయి లేదు, బీపీ అందుతలేదు. చేతుల నరం ఒక్కటి సుత అగుపడలే. నాలుగుసార్లు గుచ్చిన, దొరకలే. ఇగ మోచేతి లోపలి నరం తడిమి పట్టి ట్యూబు ఎక్కించిన. సెలైన్ జల్దీ పోయింది.”

“ఎవరు నేర్పిన్రు నీకు?”

“ముందు చేసిన ఆసుపత్రిల సిస్టర్లకే నేర్పిన్రు సార్.”

“దుప్పట్లు మడిచే చేతులు గుండె దాకా పోతయా! డాక్టర్‌ను అడిగినవా?”

“డాక్టర్ అప్పుడు మాట్లాడే స్థితిల లేరు సార్.”

“అది రాయకు,” అన్నాడు సుందర్‌రాజు. బర్నబా కొట్టేశాడు.

ఆయా సత్తెమ్మ బార్లీ నీళ్లు తెచ్చింది. డాక్టర్ రెండు గుక్కలు తాగి గొంతు సవరించుకున్నాడు. తిట్టడానికీ ఓపిక కావాలి కదా.

“పేషెంట్ చస్తే ఎవరిది జిమ్మేదారి?”

“బతికిన్రు కద సార్.”

“బతుకుడు వేరే, రూలు వేరే! తప్పయిందని రాసియ్యి.”

బర్నబా ఒక తెల్లకాగితం జయశీల ముందుకు జరిపాడు. ఉద్యోగం పోతే క్వార్టరూ పోతుంది. మంచంలో ఉన్న తల్లి సౌభాగ్యమ్మను ఎక్కడికి తీసుకుపోవాలి? అయినా కాగితం ముట్టలేదు.

“మనిషిని బతికించుడు తప్పని నేను రాయ సార్.”

“అయితే ఇంటికి పో. బర్నబా, డిస్మిసల్ ఆర్డర్ ఇటు తే.”

బర్నబా అట్ట మీద కాగితం పెట్టి అందించాడు. ఈసారి పెన్ను తనే అడిగి తీసుకున్నాడు డాక్టర్. జయశీల అలవాటుకొద్దీ ఒక అడుగు ముందుకు వేసింది.

“మోచెయ్యి మడవకుండ్రి సార్, ట్యూబు ఇంకా అండ్లనే ఉన్నది.”