అడ్డపైపు

డిక్కీ మూత పడగానే మొగిలి మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

నవ్వకండి. చప్పుడు ఎక్కణ్నుంచి వస్తుందో పట్టుకోవాలంటే మెకానిక్ డిక్కీలో పడుకోవాల్సిందే. సీట్లో కూర్చుంటే కారంతా మోగినట్టే ఉంటుంది.

తలకు జానెడు ఎత్తున అతను చేసిన పైపు ఉంది.

ఎక్కడో పాడైన బోరింగు నుంచి పీకేసిన పైపు అది. చెప్పుల డబ్బా అట్ట మీద బోల్టుల గుర్తులు గీసుకుని, ఆ కొలతకు రెండు ఇనుప పట్టీలు కోసి, పైపు చివర్లకు వెల్డింగ్ పెట్టాడు. వెనక షాకబ్జర్ల తలలు డిక్కీలోకి పొడుచుకొచ్చిన రెండు చోట్లనూ కలుపుతూ అడ్డంగా బిగించాడు.

మొదటిది వేలెడు పొట్టిదై మూలన పడింది. ఇది రెండోది. మూడు రోజుల చాకిరీ.

ఏటూరునాగారం రోడ్డు మీద తిరిగీ తిరిగీ ఆ పాత టాక్సీ వెనక భాగం సడలిపోయింది. గుంటలో పడితే చాలు, డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు గోల. ఒకసారి ఎక్కినవాళ్లు మళ్లీ ఎక్కితే ఒట్టు. ఆ అదురు ఆపడానికే ఈ అడ్డపైపు.

కారు ఇద్దరిదీ. మొగిలిదీ, అతని బామ్మర్ది భాస్కర్‌దీ. వర్ధన్నపేటలో ఉన్న ఒక్క ఎకరం చెలకా అమ్మి మొగిలి కారు కొన్నాడు. భాస్కర్ నడుపుతాడు. కాగితాలు మాత్రం భాస్కర్ పేరు మీదే.

"నా బామ్మర్ది పేరు మీదుంటే నా పేరు మీదున్నట్టే గదనే" అన్నాడు ఆ రోజు భార్య కట్టమ్మతో.

తల్లి పోయిననాటి నుంచి తమ్ముణ్ని చంకన వేసుకుని పెంచింది ఆమే. ఆమె ముందు ఇంకో మాట ఎలా వస్తుంది!

కారు కదిలి హసన్‌పర్తి దారి పట్టింది.

గుంట వచ్చింది. మొగిలి చెవి రిక్కించాడు.

ఏమీ లేదు.

ఇంకో గుంట. పైపు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. ఇసుమంత కదల్లేదు.

"శభాష్‌రా మొగిలీ" అని తనకు తనే చెప్పుకున్నాడు.

కాసేపటికి కారు ఆగింది. ముందు తలుపు తీసుకుని ఎవరో ఎక్కారు. దారిలోనే గిరాకీ తగిలిందని మురిసిపోయాడు పిచ్చి మొగిలి.

"జర ఆ రాళ్ల మీంచి పోనియ్యి."

ఆ గొంతు తెలుసు. చౌరస్తాలో బట్టల దుకాణం రాజేశ్వర్ రావుది.

భాస్కర్ రాళ్ల మీంచి పోనిచ్చాడు.

"చూసిండ్రా రావు సాబ్, చప్పుడే లేదు."

"మంచిగున్నది. మరి మీ బావ? రేపొద్దున దుకాణం ముందటికొచ్చి లొల్లి జేస్తే?"

మొగిలి ఊపిరి బిగబట్టాడు.

ఇదివరకు ఈ డిక్కీలో పడుకుంటే ఆ గోలకు పిడుగు పడ్డా వినపడేది కాదు. భాస్కర్ కూడా ఒకసారి పడుకుని చూసి, చెవులు మూసుకుని దిగాడు. ఆ ధైర్యంతోనే ఇప్పుడు నోరు తెరిచాడు.

"కాగితాలల్ల ఆయన పేరే లేదు, రావు సాబ్. రేపు సంతకం పెడ్త, కారు తోల్కపోండ్రి. బావకు ఇనుము తప్ప ఏం తెల్వది. గీ పైపు బిగిచ్చెదాక ఆగిన. ముందుగాల్నే చెప్తే చేస్తడా?"

"మీ అక్క?"

"అక్కదేమున్నది? నేనెట్ల జెప్తే అట్ల ఇంటది."

మొగిలికి ఒళ్లు మండిపోయింది. మూతను కాలితో తన్నాలనిపించింది. కాలు లేవలేదు.

చెలక పోయింది, కారూ పోతోంది. అదంతా ఒక ఎత్తు. కట్టమ్మ గురించి వాడు అంత తేలిగ్గా అన్న మాట ఒక్కటే ఒక ఎత్తు.

రావు చౌరస్తాలో దిగిపోయాడు. కారు మొగిలి షెడ్డు ముందు ఆగింది. భాస్కర్ నవ్వుతూ మూత తెరిచాడు.

"ఎట్లున్నది బావా? ఏమన్న చప్పుడొచ్చిందా?"

మొగిలి దిగాడు. నడుం పట్టేసింది. షెడ్డులోకి వెళ్లి పానా తెచ్చి మొదటి నట్టుకు తగిలించాడు.

"అరే, ఎందుకు ఇప్పుతానవ్?"

రెండో నట్టు. మూడోది.

"బావా, నిన్నే!"

"రేపు రావు సాబును కారు తోల్కపొమ్మను."

భాస్కర్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బావా... అక్కకు చెప్పకు. నీ కాళ్లు మొక్కుత."

ఆఖరి నట్టు ఊడి మొగిలి అరచేతిలో పడింది.

"కారు నీ పేరు మీదున్నది, తీస్కపో. ఈ పైపు ఎవ్వల పేరు మీదా లేదు."

పైపు భుజాన వేసుకుని నడిచాడు. సందు మలుపు తిరిగేదాకా భాస్కర్ పిలుస్తూనే ఉన్నాడు.

ఇంట్లో బోటికూర వాసన. పని అయిపోయిందన్న సంతోషంతో, తమ్ముడికి ఇష్టమని కట్టమ్మ పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉంది. మూడు పళ్లేలు కడిగి పెట్టింది.

"పైపు మళ్ల తెస్తివేందయ్యా?"

"కొలత కుదర్లే."

"తమ్ముడేడి? తిననీకి రమ్మన్న గద!"

మొగిలి పైపును గోడకు ఆనించాడు. కాళ్లు కడుక్కున్నాడు. పీట మీద కూర్చున్నాడు. పచ్చి మంచినీళ్లు కూడా దిగేలా లేవు.

"వానికి గిరాకి తాకింది. రాడు."

"అయ్యో, వానికనే గింత వండితి!"

"వాని బువ్వ గూడ నాకే పెట్టు" అన్నాడు మొగిలి. "మస్తు ఆకలైతాంది."

కట్టమ్మ మురిసిపోయి రెండోసారి వడ్డించింది. అతను తలెత్తకుండా, మెతుకు మిగల్చకుండా తిన్నాడు.